వికెట్ల వెనకాల నిలబడి చూస్తే

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే ఐదింటికి మా రూమ్మేట్ నన్ను తట్టి లేపాడు. ల్యాబ్ ఇంటర్నల్ ముందుకు జరిపారేమో అని గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే సూపర్ బౌల్. వాళ్ళన్నయ్య డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. ఆయన పుణ్యమా అని మావాడికి అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది. సరే, దుప్పటి కప్పుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నా. రెండో క్వార్టర్ అయ్యేసరికి వాడు తీర్పు ఇచ్చేశాడు: "మామా, అన్ని ఆటల్లోకీ కష్టమైన పొజిషన్ క్వార్టర్‌బ్యాక్. ఇంక వేరే మాట లేదు."

నేను "వికెట్ కీపర్" అన్నా. వాడు ఎంత గట్టిగా నవ్వాడంటే పక్క రూమ్ వాళ్ళు గోడ మీద కొట్టారు.

ఆ నవ్వుకి ఒక కారణం ఉంది. నేను మా బ్రాంచ్ టీమ్ కీపర్ని. ఆ కథ తర్వాత చెప్తా. ముందు వాదన సంగతి. అది ఆ పొద్దున మెస్‌లో ఉప్మా దగ్గర మొదలై, వారం రోజులు నడిచింది. మధ్యలో ఒకడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అన్నాడు, ఇంకొకడు కబడ్డీ రైడర్ అన్నాడు. అందరం గొంతు పెంచుతున్నాం కానీ ఎవరం దేన్ని "కష్టం" అంటున్నామో చెప్పట్లేదు. కొలబద్ద లేకుండా కొలిస్తే గెలిచేది గొంతే కదా. అందుకే కూర్చుని కొలబద్దలు వరసగా రాసుకున్నా. ఈ వ్యాసం ఆ వాదనకి నా ఫైనల్ సబ్మిషన్.

మొదటి కొలబద్ద, టైమ్. ఎంత తక్కువ టైమ్‌లో స్పందించాలి అన్నది. ఫుట్‌బాల్‌లో పెనాల్టీ స్పాట్ నుంచి గోల్ లైన్‌కి 11 మీటర్లు. బంతి గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వస్తే 0.4 సెకన్లలో లోపల ఉంటుంది. కంటితో చూసి ఒంటిని కదిలించడం మొదలుపెట్టడానికే మనిషికి 0.2 సెకన్లు పడుతుంది. మిగిలిన 0.2లో 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న గోల్‌ని ఎవడూ కాయలేడు. బేస్‌బాల్‌లోనూ అదే కథ. 18.44 మీటర్ల దూరం నుంచి 150 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తే బ్యాటర్‌కి దొరికేది దాదాపు అదే 0.4 సెకను.

ఇక స్పిన్నర్ బౌలింగ్‌లో స్టంప్స్‌కి ఆనుకుని కూర్చున్న కీపర్ని చూడండి. బ్యాట్ అంచు నుంచి అతని గ్లవ్స్‌కి మహా అయితే ఒక మీటరు. 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 22 మీటర్లు. లెక్క వేస్తే 0.05 సెకను వస్తుంది. అంత టైమ్‌లో మెదడు "అరె" అని కూడా అనుకోలేదు. అంటే ఎడ్జ్ తగిలాక చేతులు కదిలించి పట్టే క్యాచ్ కాదది. తగలకముందే చేతులు సరైన చోట ఉంటే దొరికే క్యాచ్.

ఈ లెక్కలు చూపించి గెలిచేశా అనుకున్నా. కానీ నిజాయితీగా చూస్తే గెలవలేదు. పెద్ద ఆటలన్నీ మనిషి రియాక్షన్ టైమ్ అనే ఒకే గోడ దగ్గరికి వచ్చి ఆగుతున్నాయి. గోడ దాటాక అందరూ చేసేది ఒకటే, ముందే ఊహించడం. కాబట్టి టైమ్ అనే కొలబద్ద మీద ఎవరూ గెలవరు. డ్రా.

రెండో కొలబద్ద, ఒకేసారి ఎన్ని పనులు చేయాలి అన్నది. ఇక్కడ మా రూమ్మేట్‌కి దండం పెట్టాల్సిందే. క్వార్టర్‌బ్యాక్ పని చూస్తే ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టు గుర్తొస్తుంది. ఒక ప్లేకీ ఇంకో ప్లేకీ మధ్య 40 సెకన్ల క్లాక్ తిరుగుతుంటుంది. హెల్మెట్‌లో ఉన్న స్పీకర్లో కోచ్ ప్లే చెప్తాడు. క్లాక్‌లో 15 సెకన్లు మిగలగానే ఆ లైన్ కట్ అయిపోతుంది. అక్కణ్ణుంచి వాడొక్కడే. ఆ ప్లేని మిగతా పదిమందికి చెప్పాలి, ఎదుటి పదకొండు మంది ఎలా నిలబడ్డారో చదవాలి, అనుమానం వస్తే నిలబడ్డచోటే ప్లే మార్చి అరవాలి. బంతి చేతికి వచ్చాక రెండున్నర, మూడు సెకన్లు. ఆ లోపు 120 కిలోల మనుషులు మీదకి వస్తుంటే, వాళ్ళని చూడకుండా దూరంగా పరిగెత్తేవాళ్ళని చూస్తూ, వాడు ఇప్పుడున్న చోటికి కాకుండా ఉండబోయే చోటికి విసరాలి.

ఇది ఎంత అంతుపట్టని పనంటే, మనుషుల్ని ఎంచుకోవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళకే దీన్ని కొలవడం రాదు. టామ్ బ్రేడీని 2000 డ్రాఫ్ట్‌లో 199వ వాడిగా తీసుకున్నారు. అతనికన్నా ముందు 198 మందిని ఎంచుకున్నారన్నమాట. ఆ 199వ వాడు ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. సరే, రెండో కొలబద్ద మీద క్వార్టర్‌బ్యాక్ గెలిచాడు. ఒప్పుకుంటున్నా.

మూడో కొలబద్ద, క్షమాపణ. తప్పు చేస్తే ఆ ఆట ఎంత క్షమిస్తుంది? నాకు అసలైన తేడా ఇక్కడే కనిపించింది.

క్వార్టర్‌బ్యాక్ విసిరిన వంద పాస్‌లలో 65 చేరితే వాడు మంచివాడే. అంటే మూడింట ఒకటి వృథా కావచ్చని ఆటే ఒప్పుకుంటోంది. బ్యాటర్ సంగతి చూద్దాం. బ్రాడ్‌మన్ 1948లో తన చివరి ఇన్నింగ్స్‌లో సున్నాకి అవుటయ్యాడు. అయినా 99.94 సగటు ముందు ఆ సున్నా ఒక ముచ్చటగా మిగిలింది తప్ప మచ్చ కాలేదు. కబడ్డీ అయితే క్షమాపణని ఏకంగా రూల్‌బుక్‌లోనే రాసేసింది. రైడర్ 30 సెకన్లు ఏడుగురి మధ్యలోకి ఒంటరిగా వెళ్తాడు. నిజంగా భయంకరమైన పని. కానీ దొరికిపోతే బయట కూర్చుంటాడు, మనవాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి అవుట్ చేయగానే మళ్ళీ లోపలికి వస్తాడు. ఆ రూల్ పెట్టినవాళ్ళకి మనుషుల గురించి బాగా తెలుసని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు కీపర్. టెస్టులో రోజుకి 90 ఓవర్లు, అంటే 540 బంతులు. 540 సార్లు కూర్చుని లేవాలి. ప్రతి బంతికీ "బ్యాటర్ దీన్ని వదిలేస్తాడు, లేదా మిస్ అవుతాడు, నా దగ్గరికే వస్తుంది" అని నమ్మి కూర్చోవాలి. ఎక్కువసార్లు బ్యాటర్ ఆడేస్తాడు. నమ్మకం వృథా అవుతుంది. మళ్ళీ నమ్మాలి. 539 సార్లు సరిగ్గా కూర్చుని ఒక్కసారి కొంచెం ముందు లేస్తే, ఆ సాయంత్రం హైలైట్స్‌లో కనిపించేది ఆ ఒక్కటే. అతను ఆపిన బంతులకి స్కోర్‌కార్డులో గడి లేదు. వదిలేసిన వాటికి మాత్రం "బైస్" అని ప్రత్యేకంగా ఒక లైను ఉంది.

గోల్‌కీపర్ పరిస్థితి ఇంకా ఘోరం. 1950 జులై 16, రియోలోని మారకానా స్టేడియం. బ్రెజిల్‌కి ఉరుగ్వేతో డ్రా అయినా చాలు, ప్రపంచకప్ వాళ్ళదే. స్కోరు 1-1. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా కుడివైపు నుంచి దూసుకొచ్చాడు. అంతకుముందు గోల్ కూడా అలాగే వచ్చింది. గిగ్గియా కుడివైపు నుంచి మధ్యలోకి పాస్ ఇచ్చాడు, ఇంకొకడు కొట్టాడు. బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బోసా ఈసారీ పాసే వస్తుందనుకుని కొంచెం ముందుకి జరిగాడు. గిగ్గియా పాస్ ఇవ్వలేదు. అతనికీ పోస్టుకీ మధ్య వదిలిన సందులోంచి నేరుగా కొట్టేశాడు. 2-1.

ఒక్క క్షణం మన సబ్జెక్టు ప్రకారం ఆలోచిద్దాం. బార్బోసా ముందున్న డేటాని బట్టి ఊహించాడు. ఊహలో లాజిక్ ఉంది. ఫలితం మాత్రం తప్పింది. ఆ తర్వాత అతను బ్రెజిల్ తరఫున ఆడింది ఇంకొక్క మ్యాచ్. 2000లో చనిపోయేదాకా ఆ గోల్ అతన్ని వదల్లేదు. బ్రెజిల్‌లో ఎంత పెద్ద నేరానికైనా శిక్ష 30 ఏళ్ళే, నేను మాత్రం 50 ఏళ్ళు అనుభవిస్తున్నానని అతను వాపోయాడంటారు.

ఇక్కడిదాకా వచ్చాక నాకు ఇంకో విషయం తట్టింది. నిందపడే పొజిషన్ కష్టమైనది అని చెప్పడం తేలిక. ఆ నింద ఆటగాడి నిర్ణయాన్నే మార్చేస్తుంది, అసలు కష్టం అది. దీని మీద ఇజ్రాయెల్ పరిశోధకులు 2007లో ఒక పేపర్ ప్రచురించారు. 286 పెనాల్టీ కిక్‌లు పరిశీలించారు. గోల్‌కీపర్‌కి ఆపే అవకాశం ఎక్కువగా ఉన్నది మధ్యలో కదలకుండా నిలబడ్డప్పుడు. కానీ కీపర్లు 93.7 శాతం సార్లు కుడికో ఎడమకో దూకారు.

ఎందుకంటే దూకి గోల్ ఇస్తే "పాపం, ప్రయత్నించాడు" అంటారు. నిలబడి గోల్ ఇస్తే "చెట్టులా నిలబడ్డాడు చూడు" అంటారు. రెండింటిలోనూ స్కోర్‌బోర్డు మీద పడేది ఒక్క గోలే. కానీ చూసేవాళ్ళ లెక్క వేరు. అంటే ఆ మనిషి బంతితోనే కాదు, వెనక కూర్చున్న వేలమంది కళ్ళతో కూడా ఆడుతున్నాడు. సరైన పని చేతకాని పనిలా కనిపిస్తుందని తెలిసీ సరైన పని చేయడం, నా దృష్టిలో ఇదే కష్టానికి అసలు కొలబద్ద.

ఈ పేపర్ గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే నా కథ చెప్పాలి.

గల్లీ క్రికెట్‌లో కీపింగ్ ఎవరికిస్తారో మీకు తెలుసు. బ్యాటింగ్ రానివాడికి, బౌలింగ్ రానివాడికి, బాల్ కొనడానికి చందా ఇచ్చాడు కాబట్టి తీసేయలేనివాడికి. నేను ఆ కోటాలోనే కీపర్ అయ్యా. తర్వాత తర్వాత ఆ పని మీద ఇష్టం పుట్టింది. ఫస్ట్ ఇయర్‌లో ఇంటర్ బ్రాంచ్ ఫైనల్. ఆఖరి ఓవర్, రెండు బంతులు, అవతలివాళ్ళకి మూడు పరుగులు కావాలి. అంతకుముందు రెండు బంతులూ లెగ్ సైడ్‌కి జారాయి. నేను మూడోదీ అటే అనుకుని అరడుగు ఎడమకి జరిగా. బంతి ఆఫ్ స్టంప్ పక్కనుంచి వెళ్ళింది. బ్యాటర్ మిస్ అయ్యాడు. నేనూ మిస్ అయ్యా. వెనక ఎవరూ లేరు. ఫోర్ బైస్.

ఆ మ్యాచ్‌లో అంతకుముందు రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్ చేశా. అవి ఎవరికీ గుర్తులేవు. ఒక సెమిస్టర్ మొత్తం నా పేరు "టాటా". బై అన్నానని టాటా. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకా అంటారు కదా.

కానీ తర్వాతి మ్యాచ్‌ల నుంచి నా ఆట మారింది. నిలబడి తేలిగ్గా పట్టాల్సిన బంతులకి కూడా దూకడం మొదలుపెట్టా. షర్టు నిండా మట్టి. చూసేవాళ్ళు "కష్టపడుతున్నాడురా" అనేవాళ్ళు. బాగుండేది. ఇంకో రెండు బంతులు చేజారాయి కూడా, అయినా ఎవరూ ఏమీ అనలేదు. ఎందుకంటే నేను దూకాను కదా. ఆ 93.7 శాతంలో నేనూ ఉన్నానని పేపర్ గురించి చదివిన రాత్రి అర్థమైంది. నేను బంతి కోసం దూకట్లేదు, మాట పడకుండా ఉండడం కోసం దూకుతున్నా.

ఒక కాలేజీ కుర్రాడికి ఒక సెమిస్టర్ పేరు మారితేనే ఇంత జరిగింది. దేశం మొత్తం చూస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. మన దగ్గరి ముగ్గురు కీపర్లని చూద్దాం.

హైదరాబాద్ కీపర్ పోచయ్య కృష్ణమూర్తి 1971లో వెస్టిండీస్ వెళ్ళిన జట్టులో ఐదు టెస్టులూ ఆడాడు. అక్కడ మనం గెలిచిన మొదటి సిరీస్ అది. ఆ సిరీస్ అనగానే గవాస్కర్ 774 పరుగులు గుర్తొస్తాయి. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్‌ల స్పిన్‌కి వికెట్ల వెనక ఎవరు కూర్చున్నారో క్విజ్‌లో అడిగినా చెప్పేవాళ్ళు తక్కువ. ఆ తర్వాత ఆయన ఇంకో టెస్టు ఆడలేదు. మొత్తం 5. గుంటూరు నుంచి వచ్చిన ఎమ్మెస్కే ప్రసాద్ 1999-2000లో 6 టెస్టులు ఆడారు. మిగతావాళ్ళని ఎంపిక చేసే ఛైర్మన్‌గానే మనకి ఎక్కువ తెలుసు. విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ 7 టెస్టులు. 5, 6, 7. సిరీస్ చూస్తే తర్వాతివాడికి 8 రావాలి. ఇది జోక్ అనుకుని రాశా కానీ నవ్వు రావట్లేదు.

భరత్ కథలో నాకు బాగా గుచ్చుకునేది కాన్పూర్. 2021 నవంబర్, న్యూజిలాండ్‌తో టెస్టు. సాహాకి మెడ పట్టేస్తే మూడో రోజు పొద్దున భరత్‌ని హఠాత్తుగా పంపారు. టర్న్ అయ్యే పిచ్, అశ్విన్, అక్షర్ బౌలింగ్. విల్ యంగ్ క్యాచ్, రాస్ టేలర్ క్యాచ్, 95 మీద ఉన్న లేథమ్ స్టంపింగ్, మూడూ అతని చేతుల్లోంచే. కానీ స్కోర్‌కార్డులో అవి "సబ్" అని పడ్డాయి. అతని టెస్టు లెక్కలో అవి లేవు. అసలు అరంగేట్రం 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో, అదీ పంత్‌కి కారు ప్రమాదం జరిగాక. ఒక ఏడాదిలో 7 టెస్టులు ఆడాడు. ఏడోది సొంత ఊరు విశాఖలో. తర్వాతి టెస్టుకి రాజ్‌కోట్‌లో గ్లవ్స్ ధ్రువ్ జురెల్ చేతికి వెళ్ళాయి.

కీపింగ్ బాగోలేదనా? భరత్ గురించి ఎక్కువగా వినిపించిన మాట పరుగులు. సగటు 20 దగ్గర ఆగిపోయింది. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ ఇతనే, గోవా మీద 308. అయినా టెస్టుల్లో ఆ పరుగులు రాలేదు. సెలెక్టర్లని తిట్టడానికి నాకు నోరు రాదు. జురెల్ రాంచీలో 90 కొట్టి మ్యాచ్ గెలిపించాడు. గిల్‌క్రిస్ట్ 47కి పైగా సగటుతో ఆడి వెళ్ళాక ప్రపంచంలో ఏ జట్టూ ఉత్త కీపర్ని ఒప్పుకోవట్లేదు. అది ఆట మారిన తీరు. నా బాధ చిన్నది. ఒకడు రోజుకి 540 సార్లు చేసే పనిని, రెండో గంటలో చేసే వేరే పనితో కొలుస్తున్నాం. ఎందుకంటే రెండోదానికి అంకె ఉంది, మొదటిదానికి లేదు.

ఇక్కడ మా రూమ్మేట్ అడ్డుపడ్డాడు. "మరి శ్రీజేష్‌కి పేరు రాలేదా?" వచ్చింది, రావాలి కూడా. టోక్యోలో జర్మనీ మీద 5-4తో ముందున్నాం, ఆరు సెకన్లు మిగిలి ఉండగా పెనాల్టీ కార్నర్. అతను ఆపాడు, 41 ఏళ్ళ తర్వాత హాకీలో పతకం. అతను రిటైర్ అయ్యాక 16 నంబర్ జెర్సీ కూడా రిటైర్ చేశారు. కానీ చూడండి, కీపర్‌కి పేరు రావాలంటే ఆరు సెకన్లు మిగలాలి, పతకం మీదికి రావాలి, బంతి అతని మీదికి రావాలి. మామూలు మంగళవారం మ్యాచ్‌లో ఆపినవాటికి లెక్క లేదు. ఇక మైదానంలోకి దిగేది ఒక్క గోల్‌కీపరే కాబట్టి రెండోవాళ్ళ సంగతి ఇంకా చెప్పక్కర్లేదు. మన చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని భారత మహిళల హాకీ జట్టులో ఏళ్ళ తరబడి సవిత తర్వాతి గోల్‌కీపర్. ఫార్వర్డ్‌లయితే మ్యాచ్ మధ్యలో మారుతూ ఉంటారు. గోల్‌కీపర్ మాత్రం సిద్ధంగా ఉండి, ఎదురుచూస్తూ ఉండాలి.

కాబట్టి నా తీర్పు ఇది. బుర్రకి కష్టమైన పొజిషన్ క్వార్టర్‌బ్యాక్, ఆ కప్పు మా రూమ్మేట్‌కి ఇచ్చేస్తున్నా. ధైర్యానికి కబడ్డీ రైడర్. కానీ మనిషికి కష్టమైనది కీపరే, క్రికెట్‌లో అయినా ఫుట్‌బాల్‌లో అయినా. బాగా చేస్తే ఏమీ జరగనట్టు ఉండే పని అది. ఏమీ జరగకపోవడం అనేది ఒకడు చేసిన పని అని మనకి తట్టదు. మన మెస్‌లో రోజూ టైమ్‌కి అన్నం వండేవాళ్ళని ఎన్నిసార్లు మెచ్చుకున్నాం? ఉప్పు ఎక్కువైన రోజు గ్రూప్‌లో ఎన్ని మెసేజ్‌లు పెట్టాం?

ఇదంతా రాసి ఊరుకుంటే ఉపయోగం లేదు కాబట్టి ఒక ప్రతిపాదన. వచ్చే నెల ఇంటర్ బ్రాంచ్ టోర్నమెంట్‌కి స్కోర్ షీట్ తయారు చేసే పని నాకిచ్చారు. అందులో కీపర్ పేరు పక్కన రెండు కొత్త గడులు పెట్టా. ఒకటి "దగ్గరికి వచ్చినవి", రెండోది "ఆపినవి". స్కోరర్‌కి బంతికి ఒక టిక్కు ఎక్కువ, అంతే. కెప్టెన్లు ఒప్పుకుంటే అన్ని మ్యాచ్‌లకీ వాడదాం. 60కి 59 అని కాగితం మీద కనిపిస్తే, ఆ ఒక్కదాని గురించి మనం మాట్లాడే తీరు కొంచెమైనా మారుతుందని నా ఆశ.

మా కెప్టెన్ మళ్ళీ నన్నే కీపింగ్ చేయమన్నాడు. సరే అన్నా. ఈసారి నిలబడి పట్టాల్సినవి నిలబడే పడతా. ఒకటి చేజారితే "టాటా" అని అరవండి, ఫర్వాలేదు. కానీ అరిచేముందు ఒక్క ఓవర్, ఆరంటే ఆరు బంతులు, బౌలర్నీ బ్యాటర్నీ వదిలేసి వికెట్ల వెనకాల ఉన్నవాణ్ణి చూడండి.